సుబ్బరాయుడు నడవని అడుగులు

సుబ్బరాయుడు చెడ్డోడేం కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మనశ్శాంతి, ఎందుకంటే ఆయప్ప చేసిన పని విన్నాక చెప్తే మీరు నమ్మరు. బద్ధకస్తుడు, అంతే. యాభై రెండేండ్లొచ్చినాయి. హోసూరులో పంపులకు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో స్టోర్ చూసుకుంటాడు. మత్తిగిరిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. పెండ్లాం గౌరి చేసిన సంగటి మూడు ముద్దలు తిని మంచం మీద వాలినాడంటే ఇల్లు కూలినా లేచే రకం కాదు. అట్లాంటి మనిషికి మూడేండ్ల కింద బీపీ పట్టుకొనింది. పొద్దునొక మాత్ర వేసుకుంటాడు, బీపీ కూడా మర్యాదగా నూటముప్పై దగ్గరే నిలబడింది. ఇంగేమప్పా, గట్టెక్కేసినాను అనుకున్నాడు.

అనుకోనిచ్చిందా ఆ డాక్టరమ్మ? పూర్ణిమ అని కర్నూలు పిల్ల, ఫ్యాక్టరీ ఆసుపత్రికి కొత్తగా వచ్చింది. కొత్తగా వచ్చినోళ్ళకు ఉత్సాహం జాస్తి కదా. సంక్రాంతి సెలవులు అయినాక బీపీ మాత్రలు మింగే పద్దెనిమిది మందిని క్యాంటీన్లో కూర్చోబెట్టి అందరికీ రక్తం తీయించింది. మీ మాత్ర రక్తపోటును దించుతుంది గానీ రక్తంలో కొవ్వు సంగతి దానికి పట్టదు, రెండూ కలిసి పెరిగితే గుండెకూ మెదడుకూ ముప్పు అని చెప్పింది. మందు మానకుండానే, దానితో పాటు పన్నెండు వారాలు నడవాలంది. వారానికి ఐదు రోజులు, రోజుకు నలభై ఐదు నిమిషాలు. కాళ్ళీడ్చుకుంటా పోతే లెక్కలోకి రాదంట. పక్కనోనితో మాట్లాడేంత ఊపిరి ఉండల్ల, పాట పాడేంత ఉండకూడదు, అంత జోరుగా పోవల్లంట. మంచి కొలెస్ట్రాల్ మెల్లగా లేస్తుంది, మిగిలిన కొవ్వు మెల్లగా దిగుతుంది, రెండు నెలలకు ముందు ఏమీ కనపడదు కాబట్టి తొందరపడి మానేయొద్దని బతిమాలింది. ఒక్కొక్కరి చేతికి ఒక నల్ల బ్యాండు కట్టింది. అది అడుగులు లెక్కబెట్టి ఫోన్లో చూపిస్తాది, ఫోన్లోంచి నేరుగా డాక్టరమ్మ కంప్యూటరుకు పోతాది.

మొదటివారం సుబ్బరాయుడు నడిచినాడు. కాదని ఎవురూ అనలేరు. తెల్లారి ఐదున్నరకు, చలికి చెవులకు మఫ్లరు చుట్టుకొని, స్టోర్లోనే పనిచేసే మునిరాజుతో కలిసి పశువుల ఫారం రోడ్డు మీద పోయినాడు. మునిరాజుకూ బీపీ, మునిరాజుకూ బ్యాండు. కానీ మునిరాజు నడకంటే నడకే, చెప్పుల కింద నిప్పులు పెట్టినట్టు పోతాడు. ఐదో రోజుకు సుబ్బరాయుడికి పిక్కలు పట్టేసినాయి. ఫారం గేటు ఎదురుగా ఉండే టీ అంగడిలో బెంచీ మీద కూలబడి, నువ్వు పోయిరాప్పా, నేనీడే ఉంటానన్నాడు. అంటా అంటానే చేతికున్న బ్యాండు విప్పి మునిరాజు రెండో చేతికి కట్టేసినాడు.

దీంట్లో తప్పుందని ఇద్దరిలో ఒకరికీ తోచలేదు, అదీ విచిత్రం. తోచకపోయేదానికి కారణం ఉండాది. ఆ ఫ్యాక్టరీలో వేలిముద్ర మిషన్లు రాకముందు హాజరు వేసేదానికి అట్ట కార్డులు ఉండేవి. ఎవునికైనా ఆలస్యమైతే వాని కార్డు కూడా పక్కనోడే కొట్టేసేవాడు. పదైదేండ్లు ఒకరి కార్డు ఒకరు కొట్టుకొనే వీళ్ళు స్నేహితులైనారు. మునిరాజు కూతురు పుట్టిన రోజు కార్డు కొట్టింది సుబ్బరాయుడే, సుబ్బరాయుడి ఇంటి స్లాబు పోసిన రోజు కొట్టింది మునిరాజే. స్నేహమంటే అదేనని వాళ్ళ లెక్క. కార్డు కొడితే జీతం వస్తాది, నిజమే. బ్యాండు కడితే రక్తం మారతాదా అని మాత్రం ఎవురూ ఆలోచన చేయలేదు.

అట్ల మొదలైంది పదకొండు వారాలు సాగింది. మునిరాజు రెండు చేతులకు రెండు బ్యాండ్లు కట్టుకొని చెమటలు కక్కుకుంటా తిరిగొచ్చేలోపల సుబ్బరాయుడు పేపరు చదివి, టీ తాగి, రెండు బోండాలు తినేవాడు. ఒక్కో రోజు మూడు. ఇంటికిపోతే గౌరి, పాపం నడిచొచ్చినాడని ఇంకో రెండు ఇడ్లీలు జాస్తి పెట్టేది. ఆయప్ప వద్దనేవాడు కాదు.

అంతటితో ఆగినా బాగుండు. ఫోన్లో ఆ రోజు నడక పూర్తయితే ఒక పచ్చ గుండ్రం వస్తాది. దాన్ని ఫోటో తీసి రోజూ గురుబరపల్లిలో ఉండే అక్కకు పంపించేవాడు.

అక్క పేరు కదిరమ్మ. తమ్మునికంటే పన్నెండేండ్లు పెద్దది. సుబ్బరాయుడికి తొమ్మిదేండ్లప్పుడు వాళ్ళమ్మ టమేటా తోటలో నీళ్ళు కట్టతా కట్టతా పడిపోయింది. పక్షవాతం. మూడు రోజులు మాట లేకుండా ఉండి పోయింది. అప్పటినుంచి వానికి అన్నం పెట్టిందీ, చీమిడి తుడిచిందీ, బడికి పోనంటే గంటెతో కొట్టిందీ ఈ అక్కే. మొగుడు పోయి పదేండ్లైంది. కూతురు మీనాను అదే ఊర్లో రెండు వీధుల అవతల ఇచ్చింది. ఒక ఆవును పెట్టుకొని సొసైటీకి పాలు పోసుకుంటా తన ఇంట్లో తానుంటాది. ఆయమ్మకూ ఆరేండ్లుగా బీపీ. మాత్ర వేసుకుంటాది, అయినా కొవ్వు ఉందని, నడవమని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఆయమ్మ పట్టించుకోలేదు.

తమ్ముని పచ్చ గుండ్రాలు చూసి పట్టించుకొనింది. బడికి పోయేకే ఏడ్చినోడు పొద్దున్నే లేచి నడుస్తా ఉండాడంటే నాకేం రోగం అనుకొని మొదలుపెట్టింది. కానీ పల్లెలో ఆడమనిషి పనేమీ లేకుండా రోడ్డు మీద పోతే ఊరుకుంటారా? యాడికమ్మా, ఎవురింటికి, ఏమైందని పదిమంది నిలబెట్టి అడుగుతారు. అందుకని ఆయమ్మ పొద్దున సొసైటీలో పాలు పోసేసినాక ఖాళీ క్యాను చేతిలో పట్టుకొనే హైవే పక్క సర్వీసు రోడ్డు మీద మామిడితోపులదాకా పోయి వచ్చేది. పనిమీద పోతా ఉన్నట్టు ఉండల్లని. ఈ సంగతి తమ్మునికి వాయిస్ మెసేజీలో చెప్పి నగేది. ఈ పొద్దు నాకూ ఆయాసం రాలేదురా, పాట మాత్రం పాడలేకపోయినాను అని కూడా చెప్పేది. టీ అంగడిలో బెంచీ మీద కూర్చోని అది విని, సెబాష్ అక్కా అని పంపించేవాడు ఈ మహానుభావుడు. అప్పుడప్పుడూ ఎదలో ఏదో గుచ్చినట్టు ఉండేది. బోండా నమిలితే పోయేది.

పన్నెండు వారాలైనాయి. ఏప్రిల్ రెండోవారంలో మళ్ళా రక్తం తీసినారు. మూడు రోజులకు డాక్టరమ్మ ఒక్కొక్కరినే పిలిచి కాగితాలిచ్చింది. మునిరాజుకు మంచి కొలెస్ట్రాల్ ముప్పై ఐదు నుంచి నలభైకి లేచింది, ట్రైగ్లిజరైడ్లు రెండువందల ముప్పై నుంచి నూటడెబ్బైకి దిగినాయి. పై బీపీ కూడా కొంచెం తగ్గింది. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది.

సుబ్బరాయుడి కాగితం చూసి ఆ ముఖం వాడిపోయింది. మంచిది ఒకటి తగ్గి ముప్పై నాలుగైంది, చెడ్డది ఎనిమిది పెరిగి నూటయాభై దాటింది, ట్రైగ్లిజరైడ్లు రెండువందల నలభై దాటినాయి. ఆ పిల్ల కంప్యూటరు చూసింది, కాగితం చూసింది, మళ్ళా కంప్యూటరు చూసింది. ఒక్క రోజు కూడా తప్పలేదు, మునిరాజు గారితో సమానంగా, అంతే జోరుగా నడిచారే అని తనలో తానే అనుకుంది. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుగానీ పక్షవాతంగానీ వచ్చాయా అని అడిగింది. సుబ్బరాయుడు వాళ్ళమ్మ సంగతి చెప్పినాడు. అదేనేమో, కొందరికి వంశంలోనే ఉంటుంది, ఎంత నడిచినా లొంగదు అని రాత్రిపూట వేసుకోమని ఇంకో మాత్ర రాసింది. మీ తప్పేం లేదండీ, మీరు చేయాల్సింది చేశారు అని ఓదార్చింది కూడా.

అప్పుడు చెప్పల్ల. ఆ కుర్చీలో కూర్చోని ఉన్నప్పుడే, అమ్మా నేను నడవలేదు అని నాలుగు మాటలు చెప్పుంటే ఈ కథే లేదు. నోరు తెరిచినాడు, సరేనమ్మా అన్నాడు, బయటికొచ్చినాడు. స్టోర్లో మునిరాజు కాగితం చూసి మడిచి తిరిగిచ్చినాడు. మధ్యాన్నం క్యారియరు విప్పుతా, చెప్పేసెయ్ సుబ్బన్నా, నన్ను తిడితే తిట్టనీ అన్నాడు. చూస్తాంలే అన్నాడు సుబ్బరాయుడు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. వారం ముందునుంచి ఆ కాగితం కోసం తమ్మునికంటే ఆయమ్మే ఎదురుచూస్తా ఉండాది.

"ఎంత దిగిందిరా?"

"దిగలేదక్కా."

"పన్నెండు వారాలు నడిచినావు కదరా."

నడిచినానక్కా అన్నాడు. అక్కడికి ఆగుంటే సరిపోయేది. కానీ అబద్ధం చెప్పినోనికి దానికొక గోడ ఆసరా కావల్ల కదా, డాక్టరమ్మ అందించిన గోడకే ఆనుకున్నాడు.

"అది మన రక్తంలోనే ఉండాదంట. నడిచినా ఒకటే, నడవకపోయినా ఒకటేనంట. నాకు రాత్రికి ఇంకో మాత్ర రాసిచ్చినారు."

 అవతల హైవే మీద పోతావున్న లారీల హోరు వినపడింది. అమ్మకూ ఇదేనా అని అడిగింది కదిరమ్మ. ఇదే అయ్యుంటాదక్కా అన్నాడు. సరేలే నాయనా, మాత్ర మరిచిపోకుండా వేసుకో అని పెట్టేసింది.

ఆ మర్నాటినుంచి అక్క మెసేజీలు నిలిచిపోయినాయి. సుబ్బరాయుడు గమనించినాడు. గమనించనట్టు నటించినాడు. ఎండాకాలం కదా, మామిడికాయల సీజను కదా, పనిలో ఉండాదేమోలే అనుకున్నాడు. మనిషికి తనను తాను మోసం చేసుకొనేదానికి కారణాలు కరువా?

మే నెల సగమైనాక మీనా ఫోన్ చేసింది. ఆ పిల్ల ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడేది, ఆ పొద్దు గబగబా మాట్లాడింది. అమ్మ నడక మానేసి నెల దాటింది మామా అనింది. బీపీ మాత్ర కూడా ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు వేసుకోదంట. ఎందుకమ్మా అంటే, మీ అవ్వ పోయినట్టే పోయేదాన్ని, మందు దండగ అంటాదంట. మంచి చీరెలన్నీ తీసి మీనాకు ఇచ్చేసిందంట. పోయిన ఆదివారం ఎవురికీ చెప్పకుండా ఆవును పోచంపల్లి పశువుల సంతకు తోలించేసిందంట, తాను పోయినాక దాన్ని చూసేవాళ్ళు ఉండరని.

"నువ్వన్నా ఒక మాట చెప్పు మామా. నీ మాటంటే అమ్మకు వేదం. మా తమ్ముడు అంత నడిచినా దిగలేదు, ఇంగ నేనెంత అంటాది."

సుబ్బరాయుడు స్టోర్లో బోల్టుల పెట్టెల నడుమ నిలబడి ఉన్నాడు. ఒక పెట్టె మీద కూర్చుండిపోయినాడు. చెప్తానమ్మా, చెప్తాను అన్నాడు. ఆ రాత్రి గౌరి మూడు ముద్దలు పెడితే ఒకటి తిని లేచినాడు. ఆవు మీద ఆయమ్మకు ఎంత ప్రాణమో వానికి తెలుసు. పండక్కు రమ్మంటే కూడా, దాన్ని ఎవురు పిండుతారురా అని వచ్చేది కాదు. ఆ ఆవును సంతకు తోలింది అక్క కాదు, నేనే తోలినాను అనుకున్నాడు. పాపం చేసినానని అప్పటిదాకా వానికి అనిపించలేదు, ఆ పొద్దు అనిపించింది. తన్ను తానే చెప్పుతో కొట్టుకోవల్లనిపించింది.

అయితే మర్నాడే పోయి అక్క కాళ్ళ మీద పడినాడా? పడలేదు. మనోడికి సిగ్గు. యాభై రెండేండ్ల మొగోడు, చేతి బ్యాండు ఇంకొకని చేతికి కట్టి బోండాలు తిన్నానని ఏ ముఖం పెట్టుకొని చెప్పల్ల? ఆలోచన చేసి చేసి ఒక ఉపాయం కనిపెట్టినాడు. ఇప్పుడు నిజంగా నడుస్తాను, రక్తం బాగుపడతాది, ఆ కాగితం తీసకపోయి, చూడక్కా, కొంచెం లేటుగా పనిచేసింది, నువ్వూ నడువు అంటాను. అక్క బాగుపడతాది, నా పరువూ మిగులుతాది అనుకున్నాడు. దొంగకు కూడా ఇంత ముందుచూపు ఉండదు.

నడిచినాడప్పా, ఈసారి మాత్రం నడిచినాడు. ఎండలో, జూన్ గాలిలో, జూలై తుంపరలో. టీ అంగడి ముందరనుంచి పోయేటప్పుడు అటు తల తిప్పేవాడు కాదు. మునిరాజు పక్కన ఆయాసపడతా, మాట వచ్చీ పాట రానంత జోరుగా పోయేవాడు. నడిచేటంతసేపూ ఎదలో ఒకటే గుబులు, అక్క మాత్ర వేసుకుందో లేదో, ఈ వారం దాటుతాదో లేదో అని. ఫోన్ మోగితే చాలు, మీనానేమోనని నడక నిలిపేసి చూసేవాడు. రెండు మూడు సార్లు అక్కకు ఫోన్ చేసి మాత్రలు వేసుకోమని చెప్పినాడు కూడా. అట్లేలే అనేది ఆయమ్మ. ఆ అట్లేలేలో పస లేదని వానికి తెలుస్తానే ఉండేది. అయినా పది వారాలు కాచుకున్నాడు. తన పరువు కోసం అక్క ప్రాణాన్ని పది వారాలు పణం పెట్టినాడన్నమాట. ఇది నేను అన్నమాట కాదు, తర్వాత ఆయప్పే అన్నాడు.

జూలై ఆఖర్లో తానే ల్యాబుకు పోయి రక్తం ఇచ్చినాడు. కాగితం వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్ నూటపది. ట్రైగ్లిజరైడ్లు నూటడెబ్బై ఐదు. మంచిది ముప్పై ఎనిమిది. ఎగిరి గంతేసినంత పనిచేసినాడు. ఆ ఆదివారమే హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సెక్కి, శూలగిరి దాటినాక గురుబరపల్లిలో దిగినాడు. కాగితం చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నాడు.

అక్కను చూసి గుర్తుపట్టలేకపోయినాడు. చిక్కలేదు, పైగా ఒళ్ళొచ్చింది, కాళ్ళు ఉబ్బినాయి. కానీ ముఖంలో కళ లేదు. వసారాలో మంచం మీద కూర్చోని ఉండాది. కొట్టం ఖాళీగా ఉండాది, నేల ఎండిపోయి ఉండాది. మీనా కూడా వచ్చింది. సుబ్బరాయుడు మంచినీళ్ళు కూడా తాగకుండా కాగితం తీసి మీనా చేత చదివించినాడు. ముందు ఇంత ఉండాది, ఇప్పుడింత, నడకే అక్కా, నడకే, నేను తొందరపడి చెప్పినాను, దానికి టైము పట్టిందంతే అన్నాడు. బస్సులో కూర్చోని గుర్తుపెట్టుకున్న మాటలన్నీ వరసగా చెప్పేసినాడు.

కదిరమ్మ నిదానంగా వినింది. ముఖంలో కొంచెం కూడా కోపం లేదు.

"సంతోషంరా. నీకు దిగింది కదా, అది చాలు. కానీ అది నడక కాదు నాయనా, రాత్రి మాత్ర. నువ్వే కదా చెప్పినావు, మాత్ర లేకుండా మూడు నెలలు నడిస్తే ఒక చుక్క దిగలేదని. నువ్వు చిన్నోడివి, మందుతో బతుకుతావు. అమ్మ పోయిన వయసు దాటి నేనిన్నేండ్లు ఉండటమే ఎక్కువ."

 వాని అబద్ధం వల్ల వచ్చిన మాత్రే వాని నిజాన్ని మింగేసింది. ఇంగ యాడికి పోతాడు? పట్టుకొనేదానికి గోడ లేదు. ఆయమ్మ మాత్రం, అన్నం తిందువు రారా, ఎండలో వచ్చినావు అని మంచం మీదనుంచి లేస్తా ఉండాది. లేచేకి మోకాలి మీద చెయ్యి పెట్టుకొని రెండుసార్లు ప్రయత్నం చేసింది. అది చూడలేకపోయినాడు.

"అక్కా, నేను నడవలేదు."

"ఇప్పుడా?"

"ఇప్పుడు నడిచినాను. అప్పుడు నడవలేదు. ఆ మూడు నెలలూ నడవలేదు. నా బ్యాండు మునిరాజు చేతికి కట్టి నేను టీ అంగడిలో కూర్చున్నాను. నీకు పంపించిన ఫోటోలన్నీ మునిరాజు అడుగులే."

మీనా నోటి మీద చెయ్యి పెట్టుకొనింది. కదిరమ్మ మళ్ళా మంచం మీద కూర్చొనింది. సుబ్బరాయుడు ఆగలేదు, ఆగితే మళ్ళా నోరు రాదని భయం. బోండాల సంగతి కూడా చెప్పేసినాడు. డాక్టరమ్మకు తెలీదన్నాడు. మీనా ఫోన్ చేసినప్పుడే చెప్పుండొచ్చు, సిగ్గుపడి ఇన్ని వారాలు దాచినాను, నా పరువుకోసం నీ ప్రాణం పణం పెట్టినాను అన్నాడు. చెప్తా చెప్తా నేలమీద చతికిలబడినాడు. చిన్నప్పుడు గంటె తీసుకొనేముందు అక్క ఎట్ల చూసేదో అట్ల చూస్తాదని ఎదురుచూసినాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

ఆయమ్మ కొట్టలేదు. 

"అయితే మన రక్తంలో లేదా?"

"ఉందో లేదో నాకు తెలీదక్కా. ఆ డాక్టరమ్మ మునిరాజు నడకనూ నా రక్తాన్నీ కలిపి చూసింది. మునిరాజుకు దిగింది. నడిచుంటే నాకూ దిగేదేమో."

"అంటే నేను చచ్చిపోనా?"

అరవై నాలుగేండ్ల మనిషి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.  లేదక్కా, మాత్ర వేసుకొని నడువు, రేపే మీనాతో పోయి చూపించుకో అన్నాడు సుబ్బరాయుడు. కదిరమ్మ నగడం మొదలుపెట్టింది. మొదట సన్నగా, తర్వాత కడుపు పట్టుకొని నగింది. గోడ అవతల గిన్నెలు తోముకుంటా ఉండే పక్కింటి అంగాళమ్మను పిలిచి, మా తమ్ముడు నడవలేదంటనే, ముదనష్టపోడు కూర్చోని బోండాలు తిన్నాడంట, మా రక్తానికేం కాలేదంట అని పండగ కబురు చెప్పినట్టు చెప్పింది. అంగాళమ్మకు ముక్క అర్థం కాలేదు గానీ ఆమె కూడా నగింది. వాని దొంగతనం వీధంతా పాకిపోయింది. అక్క సంతోషం చూస్తావుంటే సుబ్బరాయుడికి ఇంకా కుంచించుకుపోయినట్టయింది. తిట్టుంటే ఓర్చుకొనేవాడు, ఈ సంతోషం ఓర్చుకోలేకపోయినాడు. ఇంత బతకాలని ఉన్న మనిషిని నాలుగు నెలలు చావుకు ఎదురుచూసేట్టు చేసినాను కదా అని తల దించుకున్నాడు.

మీనా మాత్రం నగలేదు. ఆవును కూడా అమ్మేసింది కదా మామా అని ఒక్క మాట అని, మాత్రల డబ్బా తెచ్చి అమ్మ చేతికిచ్చి, మింగేదాకా నిలబడింది.

అన్నం పెట్టినాక కదిరమ్మకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ డాక్టరమ్మకు ఇంకా తెలీదు కదా, నువ్వు నడిచినా దిగలేదని ఆయమ్మ ఇంకెంతమందికి చెప్పిందో, ఇంకెవురింట్లో ఏ ఆవు సంతకు పోయిందో అనింది. తిన్న చెయ్యి కడుక్కోకముందే ఫోన్ చేయించింది. ఆదివారం పూట ఎత్తదేమో అనుకున్నాడు. ఎత్తింది. సుబ్బరాయుడు అక్క ముందరే, మీనా ముందరే, మొత్తం మళ్ళా చెప్పినాడు. మునిరాజు తప్పేమీ లేదు, కట్టింది నేనే అన్నాడు. అవతల పూర్ణిమ మొత్తం వినింది. ఇంకో నలుగురికి మీ సంగతే చెప్పానండీ, నడిచినా కొందరికి ఫలితం రాదు, నిరాశపడకండి అని. వాళ్ళలో ఇద్దరు నడక మానేశారు అనింది. తిట్టలేదు. రాత్రి మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, సోమవారం రండి, వాళ్ళిద్దరితో మీరే మాట్లాడండి అని పెట్టేసింది. ఆ పిల్ల గొంతులోని అలసట వానికి చెంపదెబ్బలా తగిలింది.

సాయంత్రం బస్సుకు బయలుదేరినాడు. వద్దంటే వినకుండా కదిరమ్మ కూడా హైవేదాకా వచ్చింది. మెల్లగానే నడిచింది, మధ్యలో రెండుసార్లు నిలబడి ఊపిరి తీసుకొనింది. అంతకుముందు మామిడితోపులదాకా పోయొచ్చిన మనిషి. ఆవును ఎవురు కొన్నారో కనుక్కొని తిరిగి తెప్పిస్తానక్కా అన్నాడు. తెప్పించలేవులేరా, అది ఈపాటికి యాడో కొత్త ఇంటికి అలవాటు పడింటాది అనింది. ఇద్దరూ స్టాపులో నిలబడినారు. లారీలు పోతా ఉన్నాయి. ఆయమ్మ వానివైపు చూడకుండా, రోడ్డువైపు చూస్తా, మామూలుగానే చెప్పింది.

"ఈ నాలుగు నెలలూ రాత్రి తలుపు గడియ పెట్టుకోలేదురా. పొద్దున నేను లేవకపోతే మీనా తలుపు పగలగొట్టాల్సి వస్తాది, పిల్లకు ఆ పని ఎందుకని ఊరికే దగ్గరికేసి పడుకొనేదాన్ని. ఆకు కదిలినా కుక్క వచ్చినా లేచి కూర్చొనేదాన్ని. ఈ పొద్దు గడియ పెట్టుకొని నిద్రపోతాను."

 హోసూరు బస్సు వచ్చి ఆగింది. అక్క వాని భుజం తట్టి ఎక్కమనింది. బస్సులో సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి, కండక్టరు కూర్చోమని రెండుసార్లు చెప్పినాడు. హోసూరు వచ్చేదాకా ఆయప్ప కూర్చోలేదు.